కీళ్ళవాతానికి సెల్ఫ్ హిప్నాసిస్: నొప్పి వేరు, బాధ వేరు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు 48. తొమ్మిదేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం. వారానికోసారి మెథోట్రెక్సేట్, మధ్యమధ్యలో నొప్పి మాత్ర. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక నిద్ర రాదు, పొద్దున గంటసేపు పిడికిలి ముడుచుకోదు. ఫోన్‌లో ఒక రిలాక్సేషన్ ఆడియో పెట్టుకుని రెండు వారాలు చేశారు, తేడా లేకపోగా చేతులు ఇంకా నొప్పెట్టాయి. సెల్ఫ్ హిప్నాసిస్ నిజంగా పనిచేస్తుందా, మందులు తగ్గించుకోవచ్చా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చేస్తే అందులోంచి బయటికి రాలేకపోతే ఎలా, నా ఆడియోలో ఏం తప్పు జరిగింది అని అడిగారు.

మందుల సంగతి ముందు. ఈ జబ్బులో ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. నొప్పి లేని రోజుల్లో కూడా ఆ వాపు లోలోపల ఎముకని కొరుకుతూ ఉండొచ్చు. మెథోట్రెక్సేట్ అడ్డుకునేది దాన్ని. హిప్నాసిస్ ఆ పని చేయలేదు, చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కాబట్టి ఆ మాత్రని మీ అంతట మీరు ఒక్క వారం కూడా మానొద్దు. సాధనతో తగ్గే అవకాశం ఉన్నది అవసరాన్నిబట్టి వేసుకునే నొప్పి మాత్ర ఒక్కటే, అదీ డాక్టరుకి చెప్పి తగ్గించుకోవాలి.

బయటికి రాలేకపోవడం అనేది ఉండదు. తెలుగువాళ్ళకి హిప్నాటిజం అనగానే బి.వి. పట్టాభిరాం గారి వేదిక ప్రదర్శనలు గుర్తొస్తాయి కాబట్టి, అదేదో మన మీద ఇంకొకరు చేసే ప్రయోగం అనిపిస్తుంది. సెల్ఫ్ హిప్నాసిస్‌లో చెప్పేదీ మీరే, వినేదీ మీరే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచనలో పడి దిగాల్సిన స్టాపు దాటిపోతాం చూడండి, ఆ స్థితికి ఇది దగ్గరి చుట్టం. కండక్టరు కేకేస్తే ఠక్కున ఈ లోకంలోకి వస్తాం. 1840ల మొదట్లో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ సర్జన్ గ్రీకు భాషలో నిద్రకున్న మాట నుంచి వచ్చిన హిప్నాటిజం అనే పేరుని ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత ఆయనకే అది సరైన పేరు కాదనిపించి, మనసు ఒకే ఆలోచన మీద నిలవడం అనే అర్థం వచ్చే పేరు పెట్టాలని చూశాడు, కానీ అప్పటికే పాత పేరు స్థిరపడిపోయింది. మధ్యలో కాలింగ్ బెల్ మోగితే మీరు లేచి తలుపు తీయగలరు. మహా అయితే నిద్రలోకి జారుకుంటారు, మామూలుగానే లేస్తారు.

ఇక పనిచేస్తుందా అన్నది. దీనికి జవాబు మన భాషలోనే ఉంది. నొప్పి అనే మాట, బాధ అనే మాట మనకి వేరువేరుగా ఉన్నాయి. వేలి కణుపులో సలుపు నొప్పి. "ఇవాళ మళ్ళీ మొదలైంది, వంట ఎలా చెయ్యాలి, ఇంకెన్నేళ్ళిలా" అని దాని చుట్టూ అల్లుకునేది బాధ. 1997లో నొప్పి మీద పరిశోధన చేసే పియెర్ రెయిన్విల్, ఆయన బృందం చేసిన ప్రయోగం సరిగ్గా ఈ రెండింటినీ విడదీసింది. మనుషుల్ని హిప్నాసిస్‌లో ఉంచి, 47 డిగ్రీల వేడినీళ్ళలో చెయ్యి పెట్టించి, ఆ నొప్పి ఎంత దుర్భరంగా ఉందన్నది మాత్రమే పెరిగేలా, తగ్గేలా సూచనలిచ్చారు. మెదడు స్కాన్‌లో నొప్పి ఎక్కడుంది, ఎంతుంది అని చూసే భాగం దాదాపు అలాగే ఉంది. దాని దుర్భరత్వాన్ని మోసే సింగ్యులేట్ అనే భాగంలో మాత్రం పని మారింది. నీళ్ళు చల్లబడలేదు, బాధ తగ్గింది. మీరు ఆశించాల్సింది కూడా ఇదే. సున్నా నుంచి పది దాకా కొలిస్తే, 7 ఉన్న నొప్పి 6 కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ 8 ఉన్న బాధ 4కి దిగితే రాత్రి మీది అవుతుంది.

బాధ దిగితే దాని వెనక ఇంకొన్ని దిగుతాయి. నొప్పున్న కీలుని కాపాడుకోవడానికి చుట్టుపక్కల కండరాలు మనకి తెలియకుండానే బిగుసుకుంటాయి. మణికట్టు నొప్పికి భుజం పైకి లేచి ఉంటుంది, దవడ బిగిసి ఉంటుంది. ఆ బిగువు దానంతటది ఇంకో నొప్పి. నిద్ర చాలకపోతే మర్నాడు అదే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఈ గొలుసులో ఒక లంకె వదులైతే మిగతావీ వదులవుతాయి.

మరీ ఎక్కువ ఆశ పెట్టకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి. దీర్ఘకాలిక జబ్బుల్లో హిప్నాసిస్‌కి గట్టి ఆధారం ఉన్నది ఐబీఎస్ అనే పేగుల జబ్బులో. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వొర్వెల్ అనే డాక్టర్ ఏ మందుకీ లొంగని 30 మంది మీద చేసిన పరీక్షతో అది మొదలైంది. 2008లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో కూడా, ఏడాది మందులు వాడినా తగ్గనివాళ్ళకి దీన్ని సూచించవచ్చని చేర్చారు. కీళ్ళవాతంలో అంత బలమైన ఆధారం లేదు. దీర్ఘకాలిక నొప్పికి సాయపడుతుందన్నంతవరకు మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. అందరికీ ఒకేలా పట్టదు కూడా. కొద్దిమందికి మొదటి రోజే చెయ్యి మొద్దుబారుతుంది, కొద్దిమందికి ఎంత చేసినా అంతంతమాత్రమే, ఎక్కువమంది మధ్యలో ఉంటారు.

మీ ఆడియో ఎక్కడ దెబ్బకొట్టిందో మీరు రాసిన ఒక్క వాక్యంలోనే దొరికింది: "పిడికిలి గట్టిగా బిగించి వదలండి అన్నాడు." అది షికాగో డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ పద్ధతి, 1929లో పుస్తకంగా వచ్చింది. కండరాన్ని బిగించి వదిలితే బిగువుకీ వదులుకీ తేడా తెలుస్తుందనేది దాని సూత్రం. ఆరోగ్యంగా ఉన్న చేతులకి చక్కటి పద్ధతి. వాచిన కణుపులతో పది సెకన్లు పిడికిలి బిగిస్తే, రోజుకి రెండుసార్లు, రెండు వారాలపాటు... చేతులు నొప్పెట్టడం సహజం. మీరు బిగించే మెట్టుని పూర్తిగా తీసేయాలి. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ పద్ధతిలో వదలడం మాత్రమే చేసే దశ ఒకటుంది, మీకు కావలసింది అది. అలాగే మెడని గుండ్రంగా తిప్పమనే ఏ ఆడియోనీ పాటించకండి. ఏళ్ళ తరబడి ఈ జబ్బున్నవాళ్ళలో మెడ పైభాగపు ఎముకల మధ్య కట్టు వదులై ఉండవచ్చు, అక్కడ తిప్పుడు పనికిరాదు.

రెండో పొరపాటు: నొప్పి వచ్చినప్పుడే చేశారు. ఈత నేర్చుకోవడానికి గోదావరికి వరదొచ్చిన రోజుని ఎవరూ ఎంచుకోరు. మొదటి నెల నొప్పి తక్కువున్న వేళలోనే చేయాలి. పొద్దున బిగువు వదిలాక, పదకొండు ప్రాంతంలో గానీ, సాయంత్రం నాలుగైదు మధ్య గానీ. భోజనం చేసిన వెంటనే వద్దు, నిద్ర ముంచేస్తుంది. రోజుకి 15, 20 నిమిషాలు ఒకసారి చాలు, కానీ రోజూ.

పడుకుని కాదు, చేతులున్న కుర్చీలో చేయండి. వీపు ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, అందకపోతే కింద పీట వేసుకోండి. ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీద ముంజేతులు మొత్తం ఆనించండి. మణికట్టు వేలాడకూడదు, కిందికి వంగకూడదు. వేళ్ళు చదునుగా చాపక్కర్లేదు, నిమ్మకాయ పట్టుకున్నట్టు సగం వంగి ఉంటే కణుపుల మీద ఒత్తిడి తక్కువ. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగా ఉంటుంది గానీ, రాత్రంతా అలా ఉంచితే మోకాలు వంగిన చోటే పట్టేసే ప్రమాదం ఉంది. ఫ్యాన్ గాలి నేరుగా చేతుల మీద పడనివ్వకండి. ఇంట్లోవాళ్ళకి 20 నిమిషాలని చెప్పండి. కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ వినిపిస్తూనే ఉంటాయి, వాటితో పోట్లాడొద్దు. "శబ్దాలు వినిపిస్తున్నాయి, వినిపించనీ" అని లోపల ఒకసారి అనుకుంటే చాలు.

మొదటి రెండు వారాలు హిప్నాసిస్ మాట తలవకండి. ఊపిరి, వదలడం, బరువు, ఈ మూడే.

ఊపిరి: ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. మూడు నిమిషాలు. ఇక్కడ అందరూ చేసే తప్పు, గట్టిగా రొమ్ము నిండా లాగడం. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు, పెదాలు చిమచిమలాడతాయి. "నాకు పడలేదు" అని మానేసేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. ఊపిరి చిన్నగా, నెమ్మదిగా ఉండాలి, ముక్కు ముందు దూదిపింజ పెట్టినా కదలనంత. ఉబ్బసం ఉన్నవాళ్ళు, ఊపిరి మీద ధ్యాస పెడితే గాభరా పడేవాళ్ళు ఈ ముక్క వదిలేసి అరిపాదాలు నేలకి ఆనిన చోటు మీద ధ్యాస పెట్టుకోవచ్చు.

వదలడం: నుదురు, కనురెప్పలు, దవడ, భుజాలు, ముంజేతులు, పొట్ట, తొడలు, పిక్కలు, ఈ వరసలో. ఒక్కో చోట రెండు మూడు ఊపిర్లు ఆగి, ఊపిరి బయటికి పోయేటప్పుడు ఆ చోటుని వదిలేయడమే. దవడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. పెదాలు కలిసే ఉండొచ్చు, పళ్ళు మాత్రం ఆనకూడదు, నాలుక కింద వాలి ఉండాలి. దవడ వదిలితే మెడ దానంతటదే వదులుతుంది. యోగనిద్ర చేసిన అలవాటున్నవాళ్ళకి ఇదంతా తెలిసినట్టే ఉంటుంది. ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి ప్రచారంలోకి తెచ్చిన ఆ పద్ధతికీ దీనికీ పోలిక చాలా ఉంది, అక్కడి సంకల్పమే ఇక్కడి సూచన. ఒక్క ఇబ్బంది ఏమిటంటే అందులో ధ్యాస కుడిచేతి బొటనవేలితో మొదలవుతుంది. మీకు ఎక్కువ నొప్పెట్టేదే అది. అందుకే నుదుటితో మొదలుపెట్టమంటున్నాను.

బరువు: ఇది బెర్లిన్ డాక్టర్ యోహానెస్ షుల్ట్స్ 1932లో ప్రకటించిన పద్ధతి నుంచి. "నా కుడిచెయ్యి బరువుగా ఉంది" అని లోపల నిదానంగా ఆరుసార్లు, "నేను నిమ్మళంగా ఉన్నాను" అని ఒకసారి. తర్వాత ఎడమచెయ్యి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు ఎడమతో మొదలుపెట్టాలి. బరువు రాలేదని చెయ్యిని చూస్తూ కూర్చోకండి, మాటని వదిలేసి ఊరుకోండి, నాలుగైదు రోజులకి తడిసిన దుప్పటిలా చెయ్యి దిండులోకి దిగుతుంది. షుల్ట్స్ రెండో మెట్టు వెచ్చదనం. మీరు దాన్ని కీళ్ళకి వాడకండి. ఎర్రగా, వేడిగా వాచిన కణుపుకి ఇంకా వెచ్చదనం చెప్తే కొందరికి సలుపు పెరుగుతుంది. పొట్ట, తొడల వరకు వెచ్చదనం, వాచిన కీలుకి చల్లదనం.

మూడో వారం నుంచి అసలు పని. ఎదురుగా గోడ మీద, కంటి మట్టానికి కాస్త పైన, ఒక చిన్న గుర్తు ఎంచుకోండి, క్యాలెండర్ మేకు చాలు. తల ఎత్తకుండా కళ్ళు మాత్రమే ఎత్తి చూడండి. కాసేపటికి మేకు మసకబారుతుంది, రెప్పలు బరువెక్కుతాయి, నీళ్ళు తిరుగుతాయి. అప్పుడు మూసుకోనివ్వండి. ఊపిరి బయటికి పోయినప్పుడల్లా ఒక అంకె తగ్గిస్తూ 20 నుంచి ఒకటికి రండి. చాలా ఆడియోల్లో ఇక్కడ "మెట్లు దిగుతున్నారు" అంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెట్లు దిగడం అంటే ఒళ్ళు బిగుసుకుపోయే దృశ్యం! అలాంటివాళ్ళు కాలువలో పడవ వెల్లకిలా పడుకున్న మనిషిని మోస్తూ నీటివాలుకి పోతున్నట్టు అనుకోవడం మేలు. గట్టు మీద కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటాయి, ఒక్కో చెట్టుకి ఒక అంకె.

"నేను లోపలికి వెళ్ళానా లేదా" అని తరచి చూడటం మానేయండి, చూసిన మరుక్షణం బయటికొస్తారు. ఉమ్మి మింగాలనిపించడం, రెప్పలు అదరడం, చేతులు ఉన్నదానికన్నా పెద్దవిగా అనిపించడం, పావుగంట అయిదు నిమిషాల్లా గడవడం, ఇవి మామూలు గుర్తులు. ఏవీ లేకపోయినా సూచన పనిచేయొచ్చు.

సూచనని ఎలా పలకాలన్నదే ఇందులో అసలు విద్య. "నాకు నొప్పి లేదు" అన్నది అన్నింటికన్నా చెడ్డ సూచన. ఆ మాట వినగానే మనసు నొప్పెక్కడుందో వెతుకుతుంది, కనిపిస్తుంది, మీరు అబద్ధం చెప్పారని తేల్చుకుంటుంది. దాని బదులు జరుగుతూ ఉన్నదాన్ని చెప్పండి: "వేళ్ళు కొంచెం కొంచెంగా చల్లబడుతున్నాయి", "భుజాలు దిగుతున్నాయి", "ఈ నొప్పి చుట్టూ చోటు పెరుగుతోంది". మన భాషలో ఈ "తోంది", "తున్నాయి" అన్న ముగింపు హిప్నాసిస్‌కి బాగా కుదురుతుంది, ఇంకా పూర్తికాలేదు కాబట్టి మనసు వాదించదు. "ప్రయత్నిస్తాను", "తగ్గాలి" వద్దు, వాటిలో ఓటమి ముందే ఉంది. పుస్తకాల తెలుగు కూడా వద్దు. "నా హస్తములు శీతలమగుచున్నవి" అంటే ఒళ్ళు వినదు. ఇంట్లో "తేలికవుతోంది" అనేవాళ్ళు అలాగే అనుకోవాలి, "అల్కగ అయితంది" అనేవాళ్ళు అలాగే. అమ్మ నోట విన్న మాటకి ఒళ్ళు త్వరగా లొంగుతుంది. ఒక్కసారికి ఒకటే సూచన, దాన్నే రెండు వారాలు మార్చకుండా.

మీ చేతులకి నేను సూచించేది కుండ. వేసవిలో చలివేంద్రం దగ్గర తడి ఇసుకలో కూర్చోబెట్టిన కొత్త కుండని మనసులోకి తెచ్చుకోండి. కుండ ఒంటి మీద చెమట పట్టినట్టు చిన్నచిన్న చుక్కలు. తడిమట్టి వాసన. మూత తీస్తే ముఖానికి తగిలే చల్లటి గాలి. కుడిచెయ్యి మెల్లగా దించండి. ముందు వేలి కొసలు, తర్వాత ఒక్కో కణుపు, తర్వాత మణికట్టు. నీళ్ళు చర్మాన్ని ఒక గీతలా చుట్టుకుంటూ పైకి వస్తున్నాయి. గీత కింద చల్లన, గీత పైన మామూలు. ఒక నిమిషం అలా ఉంచితే చల్లదనం పోయి, పలచని గుడ్డ చుట్టినట్టు ఒక మందమైన, దూరమైన తనం వస్తుంది. కావలసింది ఆ దూరమే. అది వచ్చాక, చెయ్యి నిజంగా కదపనవసరం లేదు, ఆ చేతిని మోకాలి మీద పెట్టినట్టు ఊహించి, చల్లదనం అందులోకి ఇంకుతోందనుకోండి. దీన్ని హిప్నాసిస్‌లో గ్లవ్ అనస్థీషియా అంటారు, చేతికి తొడుగు వేసినట్టు మొద్దుబారడం అని. ఊహ సరిగ్గా నిలవకపోతే ముందు రెండు రోజులు నిజం కుండలోని నీళ్ళు గ్లాసుతో తీసుకుని, అందులో రెండు వేళ్ళు అర నిమిషం ముంచి, ఆ స్పర్శని గుర్తుపెట్టుకోండి. చలికి వేళ్ళు తెల్లబడి, నీలమయ్యే లక్షణం ఉంటే మాత్రం ఈ నీళ్ళ పని వద్దు, ఊహలో కూడా చల్లదనం బదులు గుడ్డ చుట్టిన మందం ఒక్కటే వాడండి.

కుండ నచ్చకపోతే గ్యాస్ పొయ్యి. నొప్పిని మంటగా చూసి, నాబ్‌ని మెల్లగా తిప్పి సిమ్‌లో పెట్టండి. ఆర్పేయకండి, సిమ్‌లోనే. నొప్పి ఒక కబురు, దాన్ని పూర్తిగా కొట్టేయడం ప్రమాదం. 7 నుంచి 6కి, మర్నాడు 6 నుంచి 5కి అని అడిగితే ఒళ్ళు ఇస్తుంది. సున్నా అడిగితే ఏమీ ఇవ్వదు.

చివర్లో ఒక గుర్తు నాటుకోవాలి. హాయిగా ఉన్న ఆ క్షణంలో అరచెయ్యి గుండె మీద ఆనించి, ఒక పొడుగాటి ఊపిరి వదులుతూ "నిమ్మళం" అనుకోండి. ఇదే పని రోజు మొత్తంలో ఇంకో పదిసార్లు, నొప్పి లేనప్పుడు, టీ చల్లారేలోపు, బస్సు కోసం నిలబడ్డప్పుడు చేయండి. మూడు నాలుగు వారాలకి ఆ చెయ్యి, ఆ ఊపిరి కలిస్తే ఒళ్ళు దానంతటదే సడలడం మొదలుపెడుతుంది. నొప్పి ముంచుకొచ్చినప్పుడు పనికొచ్చేది ఇదే, అప్పుడు కూర్చుని 20 అంకెలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

బయటికి రావడం తొందరపడి చేయొద్దు. "చేతులు మామూలు స్పర్శకి వచ్చేశాయి, వేడి వేడిగా, చలి చలిగా తెలుస్తోంది" అని తప్పకుండా చెప్పుకోండి. మొద్దుబారిన చేత్తో వెళ్ళి పెనం పట్టుకోకూడదు కదా. ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టి, కాలివేళ్ళు, చేతివేళ్ళు కదిపి, కళ్ళు తెరిచి, ఒక నిమిషం కూర్చుని లేవండి. బాగా సడలినప్పుడు రక్తపోటు కాస్త దిగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు చటుక్కున లేస్తే తూలుతారు.

రికార్డింగ్ మీ గొంతుతోనే చేసుకోండి. "నేను" అని, 12 నిమిషాలకి మించకుండా, ఒక్కో వాక్యం తర్వాత ఒక నిండు ఊపిరి పట్టేంత ఆగుతూ. మొదట వినగానే సాగదీసినట్టుంటుంది, కళ్ళు మూసుకుని వింటే సరిపోతుంది. బండి నడుపుతూ వినకండి. నెల తర్వాత రోజు విడిచి రోజు రికార్డింగ్ లేకుండా చేయండి, లేకపోతే ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రి విద్య కూడా అయిపోతుంది.

ఒక నోటుపుస్తకంలో సాధనకి ముందూ తర్వాతా రెండు అంకెలు రాయండి: నొప్పి ఎంత, బాధ ఎంత, సున్నా నుంచి పది వరకు. పక్కన ఎన్ని గంటలు పడుకున్నారో. నొప్పి అంకె ఒక్కటే చూస్తే మూడు వారాలకే నిరాశపడి మానేస్తారు, ముందు కదిలేది బాధ అంకె. ఎనిమిది వారాలు క్రమంగా చేశాక కూడా రెండూ కదలకపోతే ఇది మీకు పట్టే పద్ధతి కాదు. అందులో మీ తప్పేమీ లేదు, ఫిజియోథెరపీ మీద, నిద్రకి సంబంధించిన కౌన్సెలింగ్ మీద ఆ సమయం పెట్టండి.

కొందరికి ఒళ్ళు వదులైన కొద్దీ గుండె దడదడలాడుతుంది. ఏళ్ళ తరబడి కాపలా కాసిన ఒంటికి కాపలా దించడమే భయంగా ఉంటుంది. కళ్ళు తెరిచి, పాదాలు నేలకి నొక్కి, మూడేసి నిమిషాలతో మొదలుపెడితే చాలామందిలో సర్దుకుంటుంది. చెవుల్లో మాటలు వినిపించే జబ్బు, పాత దారుణాలు కళ్ళముందుకి వచ్చి వణికించడం, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళు మాత్రం ఒంటరిగా చేయొద్దు. ఫిట్స్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మొదటి వారాల్లో షుగర్ చూసుకుంటూ ఉండాలి, షుగర్ పడిపోయినప్పటి నీరసాన్ని రిలాక్సేషన్ అనుకునే ప్రమాదం ఉంది.

నొప్పిని సిమ్‌లో పెట్టకూడని వేళలు కూడా ఉన్నాయి. ఒక్క కీలు మాత్రం హఠాత్తుగా ఎర్రగా, కాలిపోతున్నట్టు వాచి జ్వరం వస్తే కీలులో చీము చేరి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి. మెడ నొప్పితో పాటు చేతుల్లోకి కరెంటు షాకులా కొట్టడం, నడక తూలడం. నల్లటి విరేచనం, అది నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తస్రావం కావచ్చు. మెథోట్రెక్సేట్ మీద ఉండగా జ్వరం, నోటిపూత, ఆయాసం, పొడిదగ్గు. గుండెలో నొప్పి. వీటిలో దేనికీ కళ్ళు మూసుకుని కూర్చోకండి.

నేర్పేవాళ్ళు కావాలంటే ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో) నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్‌ని అడగండి, మీ రుమటాలజిస్ట్ దగ్గరే వాకబు చేయొచ్చు. ఒక్క సిట్టింగ్‌లో జబ్బు పోతుందనేవాళ్ళని, మందులు మానితేనే పనిచేస్తుందనేవాళ్ళని, గత జన్మలోకి తీసుకెళ్తామనేవాళ్ళని దూరం పెట్టండి. జబ్బుతో విసిగి మనసు మరీ కుంగితే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఈ విద్య హద్దులు తెలుసుకోవడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే సర్జన్ హిప్నాటిజంకి పాతరూపమైన మెస్మరిజంతో పెద్దపెద్ద ఆపరేషన్లు చేశాడు. 1847లో క్లోరోఫాం వచ్చింది. అందరికీ, ప్రతిసారీ పనిచేసే మందు దొరికాక ఆపరేషన్ బల్ల దగ్గర మెస్మరిజం నిలబడలేదు. దానికి చోటు మిగిలింది మందు అందని దగ్గర, అంటే మీ రాత్రి రెండు గంటల దగ్గర.

ఆ వేళకి పొట్టి పద్ధతి ఇదీ. మెలకువ రాగానే ఫోన్‌లో టైం చూడకండి. బాత్రూంకి వెళ్ళాలనిపిస్తే ముందు వెళ్ళి రండి, ఆపుకుని చేస్తే ఏదీ కుదరదు. వచ్చి వెల్లకిలా గానీ పక్కకి గానీ పడుకుని, ఎక్కువ నొప్పున్న చేతిని మెత్తటి దిండు మీద పెట్టి, పళ్ళు విడదీయండి. గుండె మీద చెయ్యి, పొడుగాటి ఊపిరి, "నిమ్మళం". తర్వాత కుండ, లేదా పడవ. "నిద్ర పట్టాలి" అని మాత్రం అనుకోకండి, ఆ పరీక్ష పెట్టగానే ఒళ్ళు మేలుకుంటుంది. "పడుకున్నా, లేచున్నా ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటోంది" అనుకోండి, అది నిజం కూడా. ఇరవై నిమిషాలయినా అలాగే ఉంటే లేచి వెళ్ళి తక్కువ వెలుతురులో కూర్చోండి, చేతులకి శాలువా కప్పుకుని, ఆవులింత వచ్చాక మంచం దగ్గరికి రండి. పొద్దున బిగువు దగ్గర ఊహ కన్నా నిజమే మేలు: మంచం మీదే అయిదు నిమిషాలు ఊపిరి, వదలడం చేసి, లేచాక బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, చేతులు పది నిమిషాలు అందులో ఉంచి, నీళ్ళలోనే వేళ్ళని మెల్లగా ముడిచి చాపండి. ఏదైనా కీలు ఎర్రగా, వేడిగా ఉన్న రోజుల్లో మాత్రం ఆ చేతికి వేడినీళ్ళు ఆపేసి, పలచని గుడ్డలో చుట్టిన చల్లటి ప్యాక్ పది నిమిషాలు పెట్టుకోండి.